రెండో ఆస్పార్టేట్

ప్రియమైన వదినకు,

ఆ రోజు కాల్షియాన్ని లోపలికి రానిచ్చింది నిజంగా మనం పెట్టిన రుణావేశమేనా? పదకొండేళ్లుగా నిన్నడగబోయి మింగేసిన ప్రశ్న ఇది.

బాక్టీరియా కణం పొరలో రంధ్రంలా ఉండే సోడియం చానెల్ గొంతు దగ్గర నాలుగు గ్లుటమేట్ ఆమ్లాలు వలయంలా నిలబడతాయి. నాలుగు రుణావేశాలు. సోడియాన్ని పోనిస్తాయి, కాల్షియాన్ని ఆపుతాయి. ఆ పక్కనే, ఏ ఆవేశమూ లేని సెరీన్‌ను తీసి మనం రుణావేశమున్న ఆస్పార్టేట్ పెట్టాం. కాల్షియం లోపలికి వస్తోందన్న గుర్తుగా తెరమీద గీత ఒక్కసారిగా కిందికి దిగింది. "ఒక్క ఆవేశం చాలిందే మరదలు పిల్లా, కాపలావాడు పార్టీ మార్చేశాడు!" అంటూ నువ్వు స్టూలు మీద గిర్రున తిరిగావు. ఆ ఒక్క వ్యాసంతో నాకు ఉద్యోగం, నీకు సొంత ల్యాబు.

ఇప్పుడు నా దగ్గర ఓ పరిశోధక విద్యార్థిని ఉంది. సన్నగొంతుకని అందరూ పిచ్చుక అంటారు. మన వ్యాసం చూసి మూడేళ్లుగా అదే చానెల్ మళ్లీ చేస్తోంది, కాల్షియం రాదు. "నీ చేయి ఇంకా కుదరలేదమ్మా" అని ఎన్నిసార్లు అన్నానో! పోయిన వారం వచ్చి, "నాకీ పని చేతకాదు మేడమ్. నెలాఖరుకి మానేస్తానని రాసిచ్చేస్తా" అంది. ఆ రాత్రే ఫ్రీజర్లో మన చానెల్ జన్యువు దాచిన పాత గొట్టం వెతికి తీసి, దాన్ని రెండు చివరల నుంచీ చదివించాను. అప్పట్లో ఒక చివర నుంచే చదివించాం, గుర్తుందా? మార్చిన అక్షరం కనబడగానే సంబరపడి ఆపేశాం. దానికి కాస్త అవతల, ద్వారం అంచున, మనం పెట్టని ఇంకో ఆస్పార్టేట్ ఉంది. కాపీ అయ్యేటప్పుడు దొర్లిన తప్పు. పిచ్చుక చానెల్లో అది లేదు, అందుకే కాల్షియమూ రాలేదు.

భయంగా ఉంది. నీకూ తెలియదు కదూ? తెలియదని రాయి.

నీ మరదలు

వదినా,

నీ జవాబు ల్యాబు మెట్లమీదే కూర్చుని చదివాను. వ్యాసం అచ్చయిన నెలలోనే నువ్వు రెండో చివర చదివించావట. చూసి, కాగితం దాచేశావట. "అప్పుడే నీ ఉద్యోగం ఖాయమైంది. ఏ నోటితో చెప్పమంటావే?" అన్నావు. నేనిన్నేళ్లూ అడగనిది ఈ జవాబుకి జడిసేనేమో.

పిచ్చుకను పిలిచి, రెండు జన్యువుల అక్షరాలూ పక్కపక్కన పెట్టాను. వేలు పెట్టి ఒక్కో అక్షరం చూసుకుంటూ వెళ్లి, ఆ తేడా దగ్గర ఆగింది.

"అయితే నా చేయి బాగానే ఉందా మేడమ్?"

అంతే అడిగింది.

వ్యాసం వెనక్కి తీసుకుంటామని పత్రికకు రాశాను, పొరపాటు నాదని. సగమే నిజం. యూనివర్సిటీ విచారణలో మనిద్దరినీ అడుగుతారు, ఎప్పుడు తెలిసిందని. నాకోసం దాచావు, నిన్నెలా పట్టివ్వను? కానీ ఆ పిల్ల మూడేళ్లు తన చేతుల్ని తిట్టుకుంది నువ్వు దాచిన ఆ కాగితం వల్లే. నీ ఉత్తరం కోటు జేబులో ఉంది. తలుపు చప్పుడైతే చాలు, చేయి అక్కడికే పోతోంది. దాన్ని వాళ్ల చేతికివ్వాలో, చించెయ్యాలో నేనింకా తేల్చుకోలేదు.

మరదలు