స్నానాల గది బండల కింద ఏం వేయాలి?

14 జూన్ 1961, బుధవారం

తాడిపత్రి బండలు వచ్చి నాలుగు రోజులైంది. నేనే పరుచుకుంటానని మేస్త్రీ మస్తానన్నను వద్దన్నాను. స్నానాల గది నీళ్ళు ఇంకి పక్క గది మట్టిగోడకు చెమ్మ ఎక్కుతోందనే పాత నేల తవ్వేశాను. బండల కింద ఏం వేయాలో మాత్రం తేలడం లేదు.

నాయన "గరుసు పోసి దిమ్మిసతో కొట్టురా, సాలు" అంటాడు. గరుసంటే రాళ్ళమట్టే, దాంట్లో నీళ్ళు నిలుస్తాయా? మళ్ళీ గోడకే పోతాయి. ఆ గోడకు ఆనించే విత్తనం శెనక్కాయ సంచులున్నాయి.

సిగ్గు విడిచి మస్తానన్ననే అడిగాను. "సున్నంలో ఇటుక పొడి కలిపి గార ఎయ్యప్పా. వారం దినాలు తడుపుతా ఉండల్ల" అన్నాడు. సిమెంటు వేసినా తడపాలట. మా బావిలో బిందె మునగడం లేదు. నీళ్ళు ఇంకకుండా చేయడానికి ముందు నీళ్ళు కావాలి!

సాయంత్రం మా ఆవిడ ఇదంతా విని, "బండల సంగతి సూస్కుందాం లే. ముందు ఆ సంచులు జరిపినారా?" అంది.

జరపలేదు. నాలుగు రోజులుగా గోడ గురించే ఆలోచిస్తూ, సంచుల మీద చెయ్యి వేయలేదు.

ఇద్దరం కలిసి లాగాం. అడుగు సంచి తడిసి బరువెక్కింది. మూతి విప్పితే కాయలు పగిలి తెల్లటి మొలకలు! చేను దున్ని, నెల నుంచి వాన కోసం మొగులు చూస్తున్నాం. మా స్నానం నీళ్ళకే విత్తనం మొలిచేసింది.

నాయనకు ఇంకా చెప్పలేదు. పొద్దున లేవగానే "కింద ఏమేస్తావో తేల్చినావా?" అని అడుగుతాడు.