నివాసయోగ్యమని రాసిన మా పడమటి గోడ గురించి

తుఫాను నష్టాల అంచనా అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇల్లు “నివాసయోగ్యం” అని నమోదు చేయుట గురించి, అందులో నాకు గల అనుమానాల గురించి.

కాలువ వీధి చివరి ఇంటి తాపీమేస్త్రీనైన నేను వినయపూర్వకంగా మనవి చేసుకొనునది ఏమనగా, తమ సర్వేయరు గారు మంగళవారం మా ఇంట్లో పావుగంటైనా నిలవక, ఫారం నింపుకుని వెళ్ళినారు. తత్ఫలితంగా బడిలోని సహాయ శిబిరం జాబితా నుంచి మా పేర్లు తీసివేసినారు. గురువారం సాయంత్రానికల్లా నేను, నా భార్య, వినికిడి తగ్గిన మా అమ్మ ఆ ఇంట్లోకి తిరిగి వెళ్ళాలట. ఆ ఇంటి పడమటి గోడ నిలబడదు. దాని పక్కనే మా అమ్మ మంచం. ఫారంలో వారు రాసినవి, వాటికి నా అభ్యంతరాలు ఇవి:

1. సామాజిక నష్టం: “లేదు”. కారణం అడగగా, పెద్దావిడ నవ్వుతూనే ఉన్నారు కదా అని సెలవిచ్చినారు. మా అమ్మ మాట వినపడనప్పుడల్లా నవ్వుతుంది. ఆయన మాట్లాడినంతసేపూ నవ్వింది.

2. ఆర్థిక నష్టం: “లేదు”. నా పరంజా కర్రలు, సెంట్రింగు చెక్కలు మొత్తం కొట్టుకుపోయినవి. “తుఫాను తర్వాత మేస్త్రీలకు పనికేం కొదవ?” అన్నారు. ఈ మాట ఆయనకు ఎవరు నేర్పినారో విచారించగలరు.

3. పర్యావరణ నష్టం: “లేదు”. మా బావి నీళ్ళు ఉప్పెక్కినవి. చెంబుతో ఇస్తే వద్దని, తన సీసాలోవి తాగినారు. ఉప్పని ముందే తెలియకపోతే ఎందుకు వద్దంటారు?

4. నీటిమట్టం: “ఆనవాలు లేదు”. ఇది నిజమే గానీ అన్యాయం. ఆఫీసరు వస్తున్నారని తెలిసి నా భార్య ముందురోజే గోడలన్నీ కడిగిపారేసింది. నేను కేకలేస్తే, “పెద్దమనుషులొచ్చే ఇల్లు బురదతో ఉంచమంటావా?” అంది.

5. పక్కింటి దర్జీకి మాత్రం “పూర్తి నష్టం” రాసినారు. వాళ్ళ గోడ మీద నడుము ఎత్తున మట్టి గీత ఉన్నది. అది మరీ సూటిగా ఉన్నది. గీతలు గీయడం దర్జీల వృత్తి. పైగా సర్వేయరు గారి ప్యాంటు కుట్టుపని ఎవరిదో ఆరా తీయవలసి ఉన్నది.

6. పై ఐదో అంశాన్ని ఉపసంహరించుకుంటున్నాను. కొట్టివేతలున్న అర్జీ చెల్లదని తమ గుమాస్తా గారు చెప్పినందున అలాగే ఉంచినాను. అంతవరకు రాసి, దర్జీని నిలదీయడానికి వెళ్ళినాను. అతను కోపగించుకోలేదు. “నీ నీళ్ళ గొట్టం తెచ్చి చూసుకో మేస్త్రీ, ఓ చివర నేను పట్టుకుంటాను” అన్నాడు. గోడల మట్టం చూసే ఆ గొట్టం ఒక కొసను తన గోడ గీత దగ్గర పట్టుకున్నాడు. రెండో కొస మా గోడకు ఆనించినాను. మా ఇల్లు పల్లంలో ఉన్నందున గొట్టంలో నీళ్ళు నా గడ్డం దగ్గర నిలిచినవి. అంటే మా అమ్మ నిలబడినా మునిగేంత నీరు మా ఇంట్లో నిలిచింది. నిలిచిన నీరు గీసినంత సూటి గీత ఎవరూ గీయలేరని మేస్త్రీనై ఉండి మరిచినాను. సిగ్గుగా ఉన్నది.

కావున దర్జీ గోడ మీది గీతను మా ఇంటికి కూడా సాక్ష్యంగా స్వీకరించి, మరల తనిఖీ చేయించి, అంతవరకు మమ్మల్ని బడిలోనే ఉండనివ్వ ప్రార్థన. ఎవరి మాటా, నా మాటతో సహా, నమ్మకుండా తామే స్వయంగా చూసి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కాలువ వీధి తాపీమేస్త్రీ

తా.క.: ఒక సంగతి దాచినాను. పడమటి గోడ పునాది నుంచి కప్పు దాకా పగిలింది. సర్వేయరు గారికి కనపడలేదు. తప్పు ఆయనది కాదు. నా భార్యను కేకలేసిన రోజునే ఆ పగులు పూడ్చి, నున్నగా మెత్తి, సున్నం కొట్టింది నేనే. మేస్త్రీ ఇంట్లోనే గోడ పగిలిందని రాయించుకోవడానికి మనసొప్పలేదు. అది చూపుకే గోడ సార్, చేత్తో తోస్తే కదులుతుంది. గురువారం లోపల ఎవరినైనా పంపండి, వాళ్ళ ఎదుటే నా చేతులతో చెక్కి చూపిస్తాను. నా పనితనం చూసి మీ సర్వేయరు మోసపోయాడు. మా అమ్మ మోసపోకూడదు.