పడిపోలేదు, దించారు

ఆసుపత్రి సూపరింటెండెంట్ గారి సముఖమునకు,
గౌడవెల్లి వాస్తవ్యుడు పరమేష్ విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: మా నాయినను మంచం మీది నుండి నేల మీదికి దించుటకు అనుమతి, అట్లు దించగల హెడ్ సిస్టర్ దుర్గాబాయి గారిని తిరిగి అదే వార్డుకు పంపుట గురించి.

బోరు కోసం, బస్సు కోసం ఊరి తరఫున అర్జీలు రాసిన చెయ్యి నాది. మనిషి చావు కోసం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించగలరు.

1. మా నాయిన నారాయణ తమ ఆసుపత్రిలో, మందులకు లొంగని రోగాల వారిని ఉంచే వార్డులో ఉన్నాడు. నొప్పి తగ్గించడం తప్ప ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు సెలవిచ్చారు. దానిపై నాకు ఫిర్యాదు లేదు.

2. మా వైపు మనిషి మంచం మీద ప్రాణం విడవరాదు. చాప పరిచి కిందికి దించుతాము. ఇది తమకు తెలియనిది కాదు. తమ ఇంట్లోనూ ఎవరినో ఒకరిని దించే ఉంటారు.

3. గత వారం పక్క మంచం జానకిరామయ్య గారిని, వారి భార్య కోరిక మీద, దుర్గాబాయి గారు దగ్గరుండి దించారు. తానే దుప్పటి కొస పట్టుకొని, తల ఎలా ఎత్తాలో, చేతికి పెట్టిన సెలైను సూది కదలకుండా ఎలా చూడాలో చిన్న సిస్టర్లకు చూపించారు. ఆయన భార్య ఒడిలో తల పెట్టుకొని పోయారు. అప్పుడే తనిఖీకి వచ్చిన అధికారి నేల మీద మనిషిని చూసి "రోగి మంచం పైనుండి పడిపోయెను" అని రాసుకున్నారు. "పడలే సార్, మేమే దించినం" అని ఆమె చెప్పడం నేను విన్నాను. పడిపోవుటకు తమ కాగితాల్లో గడి ఉందట, దించుటకు లేదట. అందుచేత రోగిని పడనిచ్చారని ఆమెకు మెమో ఇచ్చి మందుల స్టోరుకు మార్చారు.

4. ఎదుటి మంచం ఏజాజ్ మామ ముఖం మక్కా దిక్కుకు, పడమరకు ఉండాలని దుర్గాబాయి గారు మంచాన్నే తిప్పించిన సంగతి మెమోలో లేదు. నేనూ చెప్పలేదు. ఈ అంశం కొట్టివేసినట్లు భావించగలరు.

5. ఇప్పుడు మంచాలకు రెండు వైపులా కడ్డీలు ఎత్తి ఉంచుతున్నారు. నాయిన కడ్డీ పట్టుకొని "కిందికి దించు బిడ్డా, నేనేమన్న దొంగనా" అంటున్నాడు. చిన్న సిస్టరును అడిగితే "నా నౌకరి పోతదన్నా" అని కళ్ళు తుడుచుకుంది. ఆమెను తప్పు పట్టను. ఇదే పిల్ల మొన్నటిదాకా భయపడలేదు. "ఏమన్నయితే నేను జెప్పుకుంట, నువ్వు పట్టు" అనే పెద్ద మనిషి అప్పుడు వెనక ఉంది.

6. నాకు భయంగా ఉంది. ఇది అర్జీలో రాయదగిన మాట కాదని తెలుసు. ఆయన కడ్డీల మధ్య పోతే మా అమ్మకు ఏ మొహం పెట్టుకొని చెప్పాలి?

కావున దుర్గాబాయి గారిని తిరిగి పంపవలెననియు, ఎంత కాలానికి అని మాత్రం అడగవద్దనియు ప్రార్థన. ఆ కాలం నా చేతిలో లేదు, తమ చేతిలోనూ లేదు.

రేపటికి వాయిదా వేయక ఈ పూటే చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఈ పూట వరకు,
పరమేష్

మరొక మనవి: ఈ కాగితం తమ గుమాస్తా తీసుకోలేదు. సార్ మీటింగులో ఉన్నారు, రేపు రమ్మన్నాడు. వార్డుకు తిరిగి వచ్చేసరికి నాయిన ఊపిరి మారింది. ఏజాజ్ మామ కొడుకు షఫీయుద్దీన్ "ఆర్డర్ వచ్చేదాంక పానం ఆగుతదా భాయ్, పట్టు" అన్నాడు. కడ్డీలు తీశాము. దుప్పటికి ఒక కొస నేను, ఒకటి షఫీ, ఒకటి మా చెల్లె సుస్మిత పట్టాము. "మెల్లగ, సూది జూసుకోర్రి" అంటూ నాలుగో కొస పట్టినవారి పేరు రాయను. నాయిన ఇప్పుడు చాప మీద ఉన్నాడు, చెల్లె చెయ్యి పట్టుకున్నాడు, ఊపిరి ఇంకా ఉంది. తనిఖీ వారు వస్తే ఈసారి పడిపోయెను అనే రాసుకోమనండి. ఏ సిస్టరుకూ సంబంధం లేదని నేను సాక్షి సంతకం పెడతాను.