టిష్యూ ప్యాకెట్ అంత చోటు

జూలై 5, శనివారం. ఉదయం 7.10

కొత్త నోటుపుస్తకం. కొత్త పెన్ను. కొత్త తీర్మానం: ఇరవై ఒక్క రోజుల్లో ఇల్లంతా సర్దాలి.

డెస్కు లోపల ఎలా ఉంటే తల లోపలా అలాగే ఉంటుందని మా స్కూల్లో సిస్టర్ అనేవారు. ఇప్పుడు నా డెస్కు బుకిట్ పంజాంగ్‌లో పద్నాలుగో అంతస్తు ఫ్లాటు. లోపలి సంగతి సిస్టర్‌కు తెలియకపోవడమే మంచిది.

జాబితా:
1. చెప్పుల స్టాండు.
2. వంటింటి అరలు.
3. ప్రేమ్ వైర్ల డబ్బాలు (ఐదు. ఏ వైరు దేనిదో ఆయనగారికే తెలియదు).
4. బాంబ్ షెల్టర్.

అసలు కోరిక నాలుగోది. మొదటి మూడూ దానికి ముసుగు. ఈ దేశంలో ఫ్లాటులోనే ఇనుప తలుపుతో ఒక చిన్న గది కట్టి ఇస్తారు, యుద్ధం వస్తే దాక్కోవడానికి. యుద్ధం రాలేదు కనుక అందరూ సామాను పెట్టుకుంటారు. మా గదిలో అత్తయ్య సామాను ఉంది. కాకినాడ నుంచి నాతో వచ్చిన పుస్తకాలు మాత్రం పదకొండు అట్టపెట్టెల్లో, పెళ్లయిన ఈ ఎనిమిది నెలలుగా మంచం కింద ఉన్నాయి.

ఆ గదిలో ఒక అర, ఒక స్టూలు, ఒక దీపం. ఎవరికీ చెప్పలేదు. ప్రేమ్‌కు కూడా. రాయడం ఇదే మొదటిసారి.

సాయంత్రం 6.00. చెప్పుల స్టాండు పూర్తి. పదిహేడు జతలు. కాళ్లు నాలుగు. ఇంత తేలిక అనుకోలేదు. పది రోజుల్లో అయిపోతుందేమో.

జూలై 6, ఆదివారం

వంటింటి అరలు పూర్తి. డబ్బాలకు చీటీలు అంటించాను: కందిపప్పు, మినప్పప్పు, సగ్గుబియ్యం. ప్రేమ్‌కు హుషారొచ్చి తానూ అంటించాడు. మధ్యాహ్నానికి ఫ్రిజ్ మీద ‘ఫ్రిజ్’ అని ఉంది.

కరివేపాకు కోసం కిందికి వెళ్లాను. లిఫ్టులో పక్కింటి ఆంటీ మొదటిసారి నన్ను పేరు పెట్టి పలకరించింది. నేనెప్పుడూ చెప్పుకోని పేరు ఆమెకెలా తెలిసిందా అని ఆనందపడుతూ ఇంటికొచ్చాను. వీపు మీద ఇంగ్లీషులో ‘ధనశ్రీ’ అని చీటీ ఉంది.

వంటింటి గోడకు ఇంకో అర బిగించే పని మాత్రం ఆగింది. ఇక్కడ ఆదివారం డ్రిల్లు మోగించకూడదు. మిగతా రోజుల్లో డ్రిల్లు మోగించదగిన వేళకు ప్రేమ్ సైన్స్ పార్క్‌లో ఆఫీసులో ఉంటాడు. అతను ఇల్లు చేరేసరికి ఆ వేళ దాటిపోతుంది. డ్రిల్లూ ప్రేమూ కలిసేది శనివారం ఒక్కటే. నిన్న శనివారం. నిన్న మాకు గుర్తు లేదు.

జూలై 8, మంగళవారం. మధ్యాహ్నం 2.00

ధైర్యం చేసి ఒక్కదాన్నే బాంబ్ షెల్టర్ తెరిచాను. బయటికి తీసినవి:

వంద మందికి వండే గుండిగలు, రెండు.
కుట్టు మిషను.
మావయ్యగారి గాలపు కర్రలు, నాలుగు.
మూతలు లేని డబ్బాలు, ఇరవై రెండు.
డబ్బాలు లేని మూతలు, ముప్ఫై.
బాడ్మింటన్ కప్పు, ప్రేమ్‌ది. మూడో బహుమతి. (పోటీలో ఉన్నది ముగ్గురని తర్వాత ఒప్పుకున్నాడు.)

గది ఖాళీ అయింది. గోడనానుకుని పాత ఇనుప స్టాండు ఒకటి, నేను ఒకదాన్ని. నేల మీద కూర్చుని పేజీన్నర చదివాను. చల్లగా ఉంది. చప్పుడు లేదు. నవ్వొచ్చింది, ఊరికే.

సాయంత్రం 7.00. వీధి తలుపు సగమే తెరుచుకుంది. ప్రేమ్ పక్కకు తిరిగి లోపలికి దూరాడు.

"ధనూ, ఎక్కడున్నావ్?"

"గుండిగ వెనకాల."

"ఏ గుండిగ?"

జూలై 9, బుధవారం

హాల్లో కూర్చునే వీలు లేదు. రాత్రి భోజనం కింద హాకర్ సెంటర్‌లో, తిండి కొట్ల దగ్గర. ప్రేమ్ ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి దోసెలు తేవడానికి వెళ్లాడు. దీన్ని ఇక్కడ చోప్ చేయడం అంటారు. మన ఊళ్లో బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేసినట్టు. తేడా ఏమిటంటే ఇక్కడ రుమాలు మీద ఎవరూ కూర్చోరు.

ఎన్నోసార్లు చూశాను. ఇవాళే కళ్లు తెరిచి చూశాను. ఇద్దరు పెద్దమనుషులు పొగలు కక్కే ట్రేలతో వచ్చారు. ప్యాకెట్‌ను చూశారు. తప్పుకున్నారు. మాట లేదు, వాదన లేదు, గొంతు పెగల్చుకోవడం లేదు.

నాలాంటి మనిషే ఎవరో కనిపెట్టి ఉంటారు.

జూలై 10, గురువారం

మా ఇంట్లో ఇక ఇదే శాసనం. టిష్యూ ప్యాకెట్ ఉన్న చోట ఇంకొకరు వస్తువు పెట్టరాదు. ముప్ఫై ప్యాకెట్లు కొన్నాను. ప్రేమ్ కుడిచేయి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేశాడు.

నేను చోప్ చేసినవి: టేబుల్ ఎడమ సగం, కిటికీ గట్టు.
ప్రేమ్: సోఫా, టీవీ కింది అర, ఫ్యాన్‌కు ఎదురుగా ఉన్న నేల.

బాంబ్ షెల్టర్‌లో పెట్టబోయి చేయి వెనక్కి తీసుకున్నాను. రేపు పెడతాను.

జూలై 12, శనివారం. డ్రిల్లు రోజు

ఉదయం 10.00. డ్రిల్లు దొరికింది. ప్లగ్ దొరకలేదు, అంటే దాని ముందు నా ప్యాకెట్ ఉంది. ఇచ్చేశాను. అప్పుడు నిచ్చెన దగ్గర ప్రేమ్ ప్యాకెట్ కనిపించింది. నిచ్చెనను ఎందుకు చోప్ చేశావని అడిగాను.

"నువ్వు చేసేస్తావేమోనని."

సాయంత్రం 5.00. లెక్క తేలింది. ఇంట్లో ప్రతి అరా చోప్ అయింది. అందువల్ల ప్రతి అరా ఖాళీగా ఉంది. వస్తువులన్నీ నేల మీద ఉన్నాయి. గోడలో బియ్యపు గింజంత గుంట పడింది. ఈ శనివారానికి అంతే.

జూలై 14, సోమవారం

ఈ రోజు సర్దకపోవడానికి కారణాలు: వాన. సోమవారం. వెల్లుల్లి లేదు. ప్రేమ్ తుమ్మాడు, సోఫాను చోప్ చేసిన ప్యాకెట్‌నే జలుబుకు వాడేశాడు. సోఫా ఎవరిదో ఇక తేల్చాలి.

జూలై 16, బుధవారం. ఉదయం 11.15

బూన్ లే నుంచి అత్తయ్య ఫోన్.

"ఏటే అమ్మాయ్, పలకవు? శనోరం వస్తన్నాను. ఊరగాయ జాడీలు నాలుగే నాలుగు. మా ఇంటికాడ జాగా నేదు. మీ బాంబ్ షెల్టర్లో పెట్టీసి ఎల్లిపోతాను లా."

అత్తయ్య తాతగారు శ్రీకాకుళం దగ్గర నుంచి ఓడెక్కి వచ్చారు. అత్తయ్య పుట్టింది ఇక్కడే. మాట మాత్రం ఇంకా ఆ ఓడ దిగలేదు, చివరన తగులుకున్న ఇక్కడి ‘లా’ తప్ప.

ఆ గది నాకు కావాలి అత్తయ్యా, పుస్తకాలు పెట్టుకుంటాను. ఇంతే చెప్పాలి. నోట్లోనే రెండుసార్లు అనుకున్నాను.

"సరే అత్తయ్యా" అన్నాను.

జూలై 18, శుక్రవారం. సాయంత్రం 7.30

సామానంతా మళ్లీ బాంబ్ షెల్టర్‌లోకి.

"ఇంత కష్టపడి తీశావు కదా, మళ్లీ ఎందుకు?" అన్నాడు ప్రేమ్, గాలపు కర్రలు లోపలికి అందిస్తూ. "ఆ గదితో నీకేమైనా పనుందా?"

"ఏం లేదు."

గుండిగలు వెళ్లాయి. మూతలు వెళ్లాయి. మూడో బహుమతి వెళ్లింది. కుట్టు మిషను మాత్రం పట్టలేదు. నిజం రాస్తాను: స్టాండు పై అరలో డబ్బాలను అటు జరిపితే పట్టేది. నేను జరపలేదు. అక్కడ జానెడు చోటు మిగిలింది. ప్రేమ్ వెనక్కి తిరిగినప్పుడు దాని మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి తలుపు వేసేశాను.

దొంగతనం చేసినట్టు.

జూలై 19, శనివారం. ఉదయం 11.20

అత్తయ్య జాడీల బుట్టతో తిన్నగా ఇనుప తలుపు దగ్గరికే వెళ్లారు. తెరిచారు. బుట్ట పైకెత్తి, ఆ జానెడు చోటు ముందు ఆగిపోయారు.

"ఎవులు చోప్ సేసినారు ఇక్కడ?"

ప్రేమ్ పైకప్పు చూశాడు. నా చేయి దానంతటదే లేచింది, క్లాసులో లేచినట్టు.

"నేనండీ."

ప్యాకెట్‌ను వేలితో పక్కకు నెట్టితే సరిపోయేది. దానికి బరువు లేదు. కానీ అరవై రెండేళ్లలో అత్తయ్య ఒక్కరి ప్యాకెట్‌నైనా కదిపి ఉండరు. బుట్టను నేల మీద దించారు.

"దేనికి?"

"పుస్తకాలకి." ఒక మాట బయటికి వచ్చాక మిగతావి దాని వెనకే వచ్చేశాయి. "మంచం కింద పదకొండు పెట్టెలున్నాయి అత్తయ్యా. కూర్చుని చదువుకుందామని. ఎక్కువ వద్దు. ఇంత చాలు."

"ఇంత జాగాలో మనిసి కూకుంటాదేటి? పిల్లి కూడా కూకోదు." ప్రేమ్ వైపు తిరిగారు. "ఒరే, నీ పెళ్లాం సొంత ఇంట్లో నోరిప్పి అడగనేక చోప్ సేసుకుంటన్నాది. కళ్లు నేవేటిరా నీకు?"

"నాకేం తెలుసమ్మా? అడిగితే ఏం లేదంది, ప్రామిస్ లా."

"ఏం నేదంటే ఏదో ఉన్నట్టు లా. మీ నాన్నకి ముప్పయ్యేళ్లు పట్టింది అది తెలడానికి." తర్వాత నా వంతు. "ఎనిమిది నెల్లు సెప్పకుండా ఊరుకున్నావు. నానేటి పులినా?"

"కాదత్తయ్యా."

"మరి? ఒరే, నా బారాంగ్, నా సామానంతా బయటికి లాగు."

మూడోసారి. గుండిగలు, కర్రలు, మూతలు, బహుమతి. మళ్లీ హాల్లోకి. చివర్లో మంచం కింద నుంచి పుస్తకాల పెట్టెలు ప్రేమ్ తానే ఒక్కొక్కటీ మోసుకొచ్చాడు. పదకొండోది దించి, "ఇదా నీ పని?" అని నవ్వాడు.

నేను హాలు సర్దబోయాను. అత్తయ్య నా భుజం పట్టుకున్నారు.

"చోప్ సేసీసి కూకోకపోతే తప్పు. ముందు కూకో."

కూర్చున్నాను. అత్తయ్య ఒక పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పారు. బళ్లో ఆవిడ చదివింది తమిళం. తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు.

"ఏటి రాసుందో సదువు. ఇంటాను."

గుండిగను బోర్లించి దాని మీద ఆవిడ కూర్చున్నారు. ప్రేమ్ తలుపు బయట, కుట్టు మిషను మీద. నా గొంతు మొదటి పేజీలో వణికింది, మూడో పేజీలో మరిచిపోయింది. ఒక కథ అనుకున్నది నాలుగయ్యాయి. మధ్యలో ఒక జాడీ మూత తెరిచి మాగాయ అన్నం తిన్నాం. రెండో కథలో పెళ్లికొడుకును అత్తయ్య పేరు పెట్టి తిట్టారు. ఏ వస్తువూ ఎక్కడా సర్దలేదు.

సాయంత్రం 6.00. అత్తయ్య టాక్సీలో ఒక గుండిగను ఒళ్లో పెట్టుకుని వెళ్లారు. మిగతావి తర్వాతట.

జూలై 20, ఆదివారం. ఉదయం 8.00

పదహారో రోజు. పరిస్థితి: హాలు జూలై ఎనిమిదిన ఉన్నట్టే ఉంది, రెండు గుండిగలు తక్కువ. సోఫా మీద ఊరగాయ జాడీలు. చెప్పుల స్టాండు మీద ముప్ఫై మూతలు. ఫ్రిజ్ మీద ‘ఫ్రిజ్’. తీర్మానం పోయింది. ఒప్పుకుంటున్నాను.

8.20. చదువుకుందామని నా గదికి వెళ్లాను. నా గది. ఇంకోసారి రాస్తాను: నా గది.

బోర్లించిన గుండిగ మీద ఒక టిష్యూ ప్యాకెట్ ఉంది. మాది కాదు. నీలం పువ్వుల బొమ్మది. అత్తయ్య చేతిసంచిలోది.

కదపలేదు. ఎవరు కదుపుతారు?

8.30. కొత్త పేజీ. కొత్త తీర్మానం. మొదటి రోజు. ఇరవై ఒక్క రోజుల్లో ఇల్లంతా సర్దాలి.

జాబితా:
1. హాలు.
2. ప్రేమ్ వైర్ల డబ్బాలు.
3. గోడకు అర. డ్రిల్లు కావాలి. శనివారం మాత్రం కుదరదు, శనివారం చదువు ఉంది.