దీపాలు పెట్టే వేళకు ఆరిపోయే కెమెరా

మంగళవారం రాత్రి, పెనుకొండ

ధర్మవరంలో కెమెరా బాగుచేసే పని అయిపోయింది. మనసు మాత్రం ఆ మగ్గం గదిలోనే ఉంది. పట్టు పోతుందన్న భయంతో ఆ ఇంటి లక్ష్మక్క అల్లుడు అక్కడ కెమెరా పెట్టించాడు. పగలంతా బాగా పనిచేసే కెమెరా దీపాలు పెట్టే వేళకు ఆరిపోతుంది, తెల్లారితే మళ్లీ వస్తుంది.

"ఆ యాళకే మా ఆయన మగ్గం దిగేవాడప్పా," అంది లక్ష్మక్క. ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. "ఇప్పుడూ వస్తాండాడు. ఎవరన్నా చూస్తాంటే ఆయనకు పడదు. అందుకే ఆర్పేస్తాండాడు."

నేను నవ్వలేదు. కెమెరాకు కరెంటు కూడా నెట్ కేబుల్లోనే వస్తుందని, చీకటి పడగానే దాని నైట్ లైట్లు వెలిగి ఎక్కువ కరెంటు లాగుతాయని చెప్పాను. ముందు వచ్చిన మహానుభావుడెవరో రాగిపూత పూసిన అల్యూమినియం కేబుల్ వేసి పోయాడు. అంత దూరం వచ్చేసరికి కరెంటు చాలడం లేదు. దాన్ని తీసి అసలైన రాగి కేబుల్ వేసి, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.

కెమెరాకు కలిపిన టీవీలో మగ్గం చీకట్లోనూ తెల్లగా కనిపించింది. ఈసారి ఆరిపోలేదు. లక్ష్మక్క చాలాసేపు చూసి అడిగింది.

"ఇంగ ఆయన ఎట్లొస్తాడప్పా?"

సంచి సర్దుకుని వచ్చేశాను.

పరీక్ష కోసం పెట్టుకున్న ఆ కెమెరా కనెక్షన్ ఇంకా నా ఫోన్లో ఉంది. తీసేద్దామని ఇప్పుడే తెరిచాను. గదిలో లైటు లేదు. లక్ష్మక్క ఖాళీ మగ్గం పక్కన కూర్చుని, ఎప్పుడు ఆరిపోతుందా అని కెమెరా వైపే చూస్తోంది.