లోపలి గడియ

అనకాపల్లి,
ఆగస్టు, 2006.

చిట్టి వాళ్ల నాన్నగారికి పద్మకుమారి నమస్కరించి రాయునది. ఇక్కడ మీ అమ్మగారు, చిట్టి, నేను బాగున్నాం. మస్కట్‌లో మీరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారేమో. ఫోన్లో మీరు మాట్లాడుతుంటే నేను వింటాను, నా వంతు వచ్చేసరికి కార్డు అయిపోతుంది. అందుకే కాయితం తీశాను.

మీరు అడిగినవి ఒక్కొక్కటే రాస్తాను. స్లాబు బాగా వచ్చింది. మట్టి గట్లు కట్టి నీళ్లు నిలబెట్టాం, పొద్దున్నా సాయంత్రం నేనే వెళ్లి చూసుకున్నాను. ఎక్కడా చెమ్మ దిగలేదు. అక్కడి విల్లాలు చూసి మీరు గీసినట్టే హాలు మధ్యలో ఒక్క స్తంభం లేదు. వంటిల్లు, భోజనాల చోటు, మెట్లు అన్నీ ఆ హాల్లోనే, అడ్డుగోడ అన్నది లేదు. మునగపాక నుంచి మా చిన్నమ్మలు పిన్ని చూడ్డానికి వచ్చి, "ఇదేటే పద్మా, పెళ్లిళ్లు సేసే హాల్లాగుంది" అని నవ్వింది. చెరుకు తోటల మీంచి వచ్చే గాలి ఇటు నుంచి అటు పోతుంది. నాకూ నచ్చింది, అబద్ధం ఎందుకు.

మీ కుర్చీ వేసే చోటు నుంచి అంతా కనిపిస్తుందా అని అడిగారు. అక్కడ ఇటుకలు పేర్చుకుని కూర్చుని చూశాను. పొయ్యి కనిపిస్తుంది. గేటు, పెరటి తలుపు, మెట్లు, చివరికి పంపు దగ్గర గిన్నెలు తోముకునే మనిషి వీపు కూడా కనిపిస్తుంది. ఆ వీపు నాదే కదా అనుకుని లేచి ఇటుకలు తీసేశాను.

ఆ రోజే చిట్టి పనివాళ్ల పిల్లలతో దాగుడుమూతలు ఆడింది. ఎక్కడ నక్కినా దొరికిపోతోంది. ఆట మానేసి నా దగ్గరికి వచ్చి, "అమ్మా, ఈ ఇంట్లో దాక్కోడానికి సోటే నేదు. నాన్నొత్తే మనం ఎక్కడికెల్లాలి?" అంది. ఏడుస్తూ కాదు, మామూలుగానే అడిగింది. మీరు వెళ్లి రెండేళ్లయింది, అది మరిచిపోయి ఉంటుందనుకున్నాను.

ఇక స్టోరు రూము సంగతి. కిటికీ వద్దు, తలుపుకి గడియ బయటవైపే పెట్టించు, ఎలుకలు చేరతాయి అని రాశారు. ఎలుకలకి గడియ ఎందుకండీ. గవరపాలెం అద్దింట్లో బియ్యం బస్తాల గదికీ గడియ బయటే ఉండేది. కూరలో ఉప్పెక్కువైందనో, పక్కింటివాళ్లతో ఏం మాట్లాడావనో నన్ను అందులోకి నెట్టి, గడియ వేసి మీరు బజారుకి వెళ్లిపోయేవారు. చిట్టి పీట తెచ్చుకుని, దాని మీద నిలబడి గడియ అందుకోబోయేది. అందేది కాదు. దాని గోళ్లు తలుపు మీద గీరుకునే చప్పుడు నాకు లోపలికి వినిపించేది. మీ అమ్మగారు వాకిట్లోనే ఉండేవారు. మీకు భయపడి లేచేవారు కాదు.

అందుకని మీకు చెప్పకుండా ఒక పని చేశాను. ఆ గదికి రోడ్డువైపు కిటికీ పెట్టించాను. ఎదురింటి కాసులమ్మ తన అరుగు మీద కూర్చుంటే లోపలి మనిషి కనిపిస్తుంది, పిలిస్తే వినిపిస్తుంది. తాపీమేస్త్రి దేముడు, "బాబుగారి కాయితంలో ఈ కిటికీ నేదమ్మా. వొచ్చి అడిగితే ఏటి సెప్పమంటావు?" అన్నాడు. నా పేరే చెప్పమన్నాను. తలుపు మందపాటి వేగిస చెక్క. పైనొకటి, కిందొకటి గడియలు, రెండూ లోపలివైపే. బయట పిడి కూడా లేదు.

మీరు వచ్చి గుమ్మంతో సహా పీకించేస్తారని నాకు తెలుసు. ఆ సంగతి అత్తకీ తెలుసు. గుమ్మాలు ఎత్తే రోజున సింహద్వారానికి పూజ అయ్యాక పళ్లెం పట్టుకుని తిన్నగా ఆ గది దగ్గరికి వచ్చింది. "పసుపిటియ్యి. దీనికి నానే రాత్తాను" అంది. బొట్లు పెట్టి, నవధాన్యాల మూట కూడా కట్టింది. సామాన్ల గది గుమ్మానికి ఇంత పూజ చేసినవాళ్లని నేనెక్కడా చూడలేదు. "పూజ సేసి ఎత్తిన గుమ్మం కదిపితే ఇంటికి అరిట్టం. మా కన్నబాబొత్తే ఆ మాట నాను సెప్తాను" అంది.

తలుపు బిగించిన రోజు అత్త ఒక్కతే లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. ఎంతకీ రాకపోతే కంగారుపడి పిలిచాను. తలుపు తీసి, "మీ మావ బతికున్నన్నాళ్లూ నాకిలాంటిది నేకపోయిందే" అని పెరట్లోకి వెళ్లిపోయింది.

వచ్చే నెల వస్తానని, వచ్చి అన్నిటి సంగతీ చూస్తానని రాశారు. ఆ మాట చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు. గేటు చప్పుడైతే చిట్టి ముందు ఆ గదివైపు చూస్తోంది. ఈ ఉత్తరం చదివి మీరు దవడ బిగించి కాయితం మడత పెట్టడం నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది. అయినా రండి. హాలంతా మీరు గీసినట్టే ఉంది, కుర్చీ మీరు చెప్పిన చోటే వేస్తాను. ఆ తలుపు వేసి ఉంటే మాత్రం బయట నిలబడి పిలవండి. తీయాలో వద్దో లోపలున్నవాళ్లు చూసుకుంటారు. కింది గడియ చిట్టికి అందే ఎత్తులోనే పెట్టించాను.

ఇట్లు,
చిట్టి తల్లి,
పద్మకుమారి.