స్పాంజి ఆరేలోపు

అక్కా,

ఫోను బావ దగ్గరే ఉంటుందని ఉత్తరం రాస్తున్నాను. ఆయన మంచం పక్కన కూర్చుని చదవకు, ఆస్పత్రి వరండాలోకి వెళ్లు.

బావ ప్రాణంగా పెంచుకున్న సముద్రపు పువ్వు చచ్చిపోయింది. నేనే చంపాను.

అక్వేరియం నాకప్పగిస్తూ బావ ఒక్కటే చెప్పాడు. "ఒరేయ్, నీళ్లు పీల్చే పంపు మూతికి ఆ స్పాంజి లేకుండా స్విచ్చి వెయ్యకురా."

ఆదివారం పొద్దున స్పాంజికి పాచి పట్టిందని తీసి కడిగాను. నా శుభ్రం పిచ్చి నీకు తెలుసుగా. తడిగా తొడిగితే మళ్లీ పాచి పడుతుందని కిటికీలో ఎండబెట్టాను. నీళ్లలో ఉండాల్సినదాన్ని ఎండబెట్టిన తెలివి నాది! నీళ్లు కదలకపోతే చేపలకు ఊపిరాడదని పంపు మాత్రం ఆపలేదు. పువ్వు ఆ చివర రాయికి అతుక్కుని ఉంది కదా, దానికేమవుతుందిలే అనుకున్నాను. అది పువ్వు కాదు, ప్రాణి అని బావ ఎన్నిసార్లు చెప్పినా, నడుస్తుందని నాకు తోచలేదక్కా. మధ్యాహ్నానికి పాక్కుంటూ పంపు దాకా వెళ్లింది. పంపు దాన్ని లోపలికి లాగేసింది. నేను చూసేసరికి నీళ్లు పాలలా తెల్లబడి, దాని రేకలన్నీ ముక్కలై తేలుతున్నాయి. నీళ్లు మార్చి చేపల్ని మాత్రం దక్కించుకున్నాను.

"పువ్వు విచ్చుకుందా?" అని బావ రోజూ ఫోన్లో అడుగుతున్నాడు. "విచ్చుకుంది బావా" అంటున్నాను. నిన్న, "ఆపరేషనయ్యి ఇంటికొస్తే ముందు దాన్నే చూస్తానురా" అన్నాడు. ఆయనకి చెప్పాలో వద్దో నువ్వే చెప్పు.

పువ్వులో దాక్కునే నారింజరంగు చేప ఖాళీ రాయి చుట్టూనే తిరుగుతోంది.

స్పాంజి బాగా ఆరింది. పంపు మూతికి తొడిగాను.

నీ తమ్ముడు